పేర్లు వేలాడే కోట

నల్లకోన దిగిన మూడో రోజు, సూర్యుడు నడినెత్తికి వచ్చే వేళకు, కొమరయ మూగదుర్గం ముందు నిలబడ్డాడు.

కోటను చూసి భయపడటానికి అతను దారి పొడుగునా సిద్ధమవుతూనే వచ్చాడు. ఎదురుపడ్డ ప్రతి బాటసారీ ఒక వింత కలిపి చెప్పాడు మరి. ఒకడు పుర్రెల తోరణాలన్నాడు. ఒకడు కందకం నిండా మొసళ్ళన్నాడు. ఇంకొకడు తన మేనమామ కళ్ళారా చూశాడని చెప్పి, మంటలు కక్కే రాతి ఏనుగులను కూడా నిలబెట్టాడు. తీరా చూస్తే అవేవీ లేవు. సున్నం కొట్టిన తెల్లని గోడలు ఏడు తాటిచెట్ల ఎత్తున లేచి, ఎండలో కళ్ళు చెదిరేలా మెరుస్తున్నాయి. పన్నెండు బురుజులు, బురుజుకొక స్ఫటిక కలశం, కలశం మీద కదలని పట్టు పతాక. గోడల్లో ఒక్క పగులు లేదు, నాచు మరక లేదు. బురుజు గూళ్ళలో పావురాల కువకువ లేదు. నేల మీది గడ్డి కూడా కోటకు పది బారల ఇవతలే ఆగిపోయింది. నాలుగు వందల ఏళ్ళ నాటి కోట నిన్న కట్టి ఇవాళ కడిగినట్టుంది. ఆ శుభ్రం చూసేసరికి కొమరయ ఒళ్ళు జలదరించింది. మొసళ్ళున్నా బాగుండేది, అవి కనీసం ప్రాణమున్న జంతువులు.

కొమరయ నల్లకోన గొర్రెల కాపరి. పందొమ్మిదేళ్ళవాడు, మాట పెళుసు, ముక్కు మీద కోపం. విరజాపురం యువరాజు ఉదయకేతుణ్ణి ఈ కోటలోంచి బయటికి తీసుకుపోవడానికి వచ్చాడు. యువరాజంటే ఇష్టం ఉండి వచ్చాడనుకునేరు. లోకంలో అతను అసహ్యించుకునే మనిషి ఒక్కడే ఉన్నాడు, ఆ ఒక్కడూ ఈ యువరాజే.

సంగతి ఇది. మొన్నటి ఆషాఢంలో వెన్నేరు పొంగి పారుతుండగా ఉదయకేతుడు వేట నుంచి వచ్చి, తండ్రి ఆజ్ఞను కూడా కాదని, ఏరు దాటించమని కొమరయ అన్నను బలవంతపెట్టాడు. తోలు పుట్టి నడి ఏట్లో తిరగబడింది. అన్న యువరాజును జుట్టు పట్టి ఈడ్చుకొచ్చి ఒడ్డున పడేశాడు. తనను ఈడ్చేవాడు లేక నీటితోపాటు వెళ్ళిపోయాడు. తడి బట్టలతో సభకు వచ్చిన యువరాజు, తండ్రి కళ్ళు ఎర్రబడటం చూసి జంకి, "ఆ కాపరే కావాలని పుట్టిని బోల్తా కొట్టించాడు" అని చెప్పాడు. రాజుగారు ఇంకొక మాట వినలేదు. వచ్చే పున్నమికి నల్లకోన కాపరులంతా మందలతో సహా రాజ్యం విడిచిపోవాలన్నారు. యువరాజు తన నోటితో కాదంటే తప్ప తీర్పు మారదన్నారు. ఆ నోరేమో పదో రోజుకల్లా మాయమైంది. ఆడిన అబద్ధం కంటి మీద కునుకు పడనివ్వక యువరాజు మూగదుర్గానికి పారిపోయాడని అతని గుర్రపువాడు బయటపెట్టాడు. నేటికి పున్నమి ఇంకా ఐదు రోజులుంది.

"పోయి ఆ పిల్లగాన్ని తోల్కరా," అంది తల్లి ఈరమ్మ.

"అన్నను ముంచి, మల్ల అన్న మీదనే నింద ఏసినోడు. వానికోసం నేను పోవాల్నా?"

"మీ అన్న వానికోసమే గద నీళ్ళల్ల పోయింది. ఒడ్డుకేసినంక వాడు మల్ల తప్పిపోయిండు. తప్పిపోయిన జీవాన్ని ఏ మందదని అడుగుతమా కొడుకా? పో."

ఆమె మూటలో రెండు జొన్నరొట్టెలు కట్టింది. ఒకటి నీకు, ఒకటి ఆ పిల్లగానికి అంది. మొదటి రోజు పొద్దుగూకక ముందే కొమరయ రెండూ తినేశాడు. ఆకలేసి కాదు, కసి కొద్దీ.

ఇప్పుడు అతను గొంగడి తిరగేసి కప్పుకుని, ముఖానికి బూడిద పూసుకుని, మెడలో నాలుగు నూలు కండెలు వేలాడేసుకుని, చేతికర్ర పట్టుకుని పొరుగుదేశపు సాలెవాడిలా తయారయ్యాడు. ఎండ నిట్టనిలువుగా పడింది. పద్మాలు చెక్కిన కంచు తలుపులు చప్పుడు లేకుండా తెరుచుకున్నాయి. రోజుకు ఒక్కసారే అవి తెరుచుకుంటాయని, లోపలి వాకిట్లో నిలిచిన రాతికంబం నీడ ఈ తూర్పు గుమ్మాన్ని తాకగానే మళ్ళీ మూసుకుంటాయని గుర్రపువాడు చెప్పి ఉన్నాడు. పేరు పోయినవాడికి ఆ గుమ్మం ఉత్త గోడలా కనబడుతుందట.

గుమ్మంలో చాప మీద ఒకాయన కూర్చుని ఉన్నాడు. ముఖం మీద ముడత లేదు. వయసు ముప్పై అన్నా నమ్మొచ్చు, మూడు వందలన్నా నమ్మొచ్చు. ఈయనే మాంత్రికుడు నిశ్శోకుడు. మంత్రదండం లేదు, ఎముకల హారం లేదు. ఉతికిన తెల్లబట్ట కట్టుకుని, పక్కన గుక్కెడు నీళ్ళు పట్టే మట్టి ముంతలు పేర్చుకుని, వైద్యుడు రోగిని చూసినట్టు చూశాడు.

"చాలా దూరం నడిచినట్టున్నావు. నీ దుఃఖం ఏమిటి నాయనా?"

దుఃఖం కల్పించుకోవలసిన అవసరం కొమరయకు లేకపోయింది. "మా అన్న సచ్చిపోయిండయ్యా."

"పోయినవాడికి ఒక్క ఘడియ బాధ. ఉన్నవాడికి ఉన్నన్నాళ్ళూ బాధ," అన్నాడు నిశ్శోకుడు ఎంతో దయగా. ఒక ముంత తీసి అందించాడు. "నీ పేరు ఇందులోకి ఊదు. పేరును పట్టుకుని వేలాడేవన్నీ దానితోపాటే దిగిపోతాయి. ఏడుపు రాదు, కల రాదు. రెండు పూటలా అంబలి పోస్తాను, ఊడవడానికి వాకిలి ఇస్తాను. ఒక్క మాట. ఎవరిదీ కాని పేరు కల్పించి చెబితే ముంత పగులుతుంది, చెప్పినవాడి తల కూడా పగులుతుంది. ముందే చెప్పడం నా పద్ధతి."

కొమరయ అదే చేద్దామనుకుని వచ్చాడు. పొరుగుదేశపు పేరొకటి దారిలోనే తయారు చేసుకున్నాడు కూడా. దాన్ని మింగేసి, ముంత పట్టుకుని ఒక్క క్షణం తడబడ్డాడు. అప్పుడు అతనికి నల్లకోన ఆనవాయితీ గుర్తుకొచ్చింది. వాళ్ళ కోనలో మనిషి పోతే ఏడాది తిరిగేదాకా ఎవరూ ఆ పేరెత్తరు. పేరెత్తి పిలిస్తే పోయినవాడు దారి మధ్యలో ఆగి వెనక్కి చూస్తాడని నమ్మకం. వరస పెట్టే చెప్పుకుంటారు, పెద్దోడనో, బావనో, చిన్నాయననో. ఇక అన్న పేరు ఏడాదిపాటు ఊరికే పడి ఉండేదే కదా. మనిషి పేరే, కల్పించింది కాదు. వాడుకుంటే ఎవరికి నష్టం? ఇంత తెలివైన ఆలోచన తనకే వచ్చినందుకు కొమరయ లోలోపల మురిసిపోయాడు.

"మైలారి," అని ముంతలోకి ఊదాడు.

నిశ్శోకుడు మూత పెట్టి, దారం చుట్టి, ముంతను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "మనిషి పేరే," అని తల ఊపి దారి ఇచ్చాడు.

గుమ్మం దాటి నాలుగడుగులు వేశాక, అన్న ఉంటే ఈ మోసం విని ఎంత నవ్వేవాడో అనుకున్నాడు కొమరయ. అనుకుంటూ, పెదవి దాటనివ్వకుండా, అన్న పేరు మనసులో తలుచుకోబోయాడు. అక్కడ ఏమీ లేదు. మొదటి అక్షరం కూడా లేదు. అన్న నడక గుర్తుంది, ఎడమ భుజం మీది మచ్చ గుర్తుంది, గొర్రెలకు ఉప్పు పెడుతూ ఈల వేసే తీరు గుర్తుంది. పేరు ఉండవలసిన చోట మాత్రం పన్ను ఊడిన చిగురులా ఖాళీగా ఉంది. ఆ పేరేమిటో మనకు తెలుసు, అతనికి తెలియదు. నడుస్తున్నవాడు అలాగే గోడ పట్టుకుని నిలబడిపోయాడు. ఇంత ఏడుపు అన్న పోయిననాడు కూడా అతనికి రాలేదు. కానీ ఏడవడానికి వేళ లేదు, ఎండ అప్పటికే ఒక పక్కకు ఒరగబోతోంది.

ఎదురుగా మండపం ఉంది. మూడు వందల స్తంభాలు, ప్రతి స్తంభం మీద చెయ్యి తిరిగిన శిల్పి చెక్కిన లతలు, హంసలు, వీణలు పట్టిన కన్నెలు. కన్నెలకు నోళ్ళు చెక్కలేదు. పై కప్పు దూలాల నుంచి వేలకు వేలు ఉట్లు వేలాడుతున్నాయి. పాలు, పెరుగు దాచుకునే ఉట్లే, మన ఇళ్ళలో ఉండేలాంటివే. ఒక్కో ఉట్టిలో ఒక్కో ముంత. గాలి లేకపోయినా అవి మెల్లగా ఊగుతున్నాయి. ఆ ముంతలు మాట్లాడుతున్నాయి.

"గంగసాని... గంగసాని..." అంటోంది ఒకటి, ఎవరో నిద్రలో పలవరించినట్టు. పక్కది "చెన్నప్ప" అంటోంది. ఇంకో చిన్న ముంత, పసిగొంతుతో, ఆగకుండా "చిట్టి, చిట్టి, చిట్టి" అంటోంది. ఒక్కొక్క పేరూ తనను తానే పిలుచుకుంటోంది, పలికే మనిషి లేక మళ్ళీ పిలుచుకుంటోంది. కొన్ని ఎన్నాళ్ళ నుంచి పిలుస్తున్నాయో, గొంతు జీరబోయి చివరి అక్షరం మాత్రమే వినబడుతోంది. అన్నీ కలిసి తలకాయంతా నిండిపోయే ఒక రొద. కొమరయ చెవులు మూసుకున్నాడు. మూసుకున్నా వినబడింది.

యువరాజు ముంత దొరికితే పట్టుకుపోవచ్చని అతను వరసల మధ్య పరుగెత్తాడు. నాలుగో వరసలో "ఉదయకేతు" అని సన్నగా వినబడింది. చెయ్యి చాచాడు. ఉట్టి జానెడు పైకి పోయింది. ఎగిరి అందుకోబోయాడు. అది సరసరా పైకి చుట్టుకుపోయి దూలానికి అతుక్కుంది. స్తంభం ఎక్కి వెళ్ళాడు. అరచేతుల చర్మం ఊడింది కానీ ఉట్టి నాలుగు వరసల అవతలికి జారుకుంది. దిగి వస్తుంటే మండపం చివర కొత్త ఉట్టి ఒకటి కనబడింది. ఇప్పుడే కట్టినట్టు ఇంకా గట్టిగా ఊగుతోంది. దాని కింద కొమరయ కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. అందులోని ముంత "మైలారి, మైలారి" అంటోంది. అతను తలెత్తి విన్నాడు. ఎవరిదో పేరు. ఎవరో కాపరి పేరులా ఉంది. ఎందుకో కళ్ళ వెంట నీళ్ళు కారాయి కానీ ఎందుకన్నది అతనికి తెలియలేదు. తుడుచుకుని వాకిట్లోకి పరుగెత్తాడు.

ఆ వాకిలి గుర్రప్పందేలు పెట్టుకోదగ్గంత పెద్దది. మధ్యన రాతికంబం, దాని మొదట్లో బెత్తెడు నీడ అప్పుడే తొంగిచూస్తోంది. కంబం చుట్టూ ఐదారు వందల మంది వాకిలి ఊడుస్తున్నారు. అక్కడ చెట్టు లేదు, రాలిన ఆకు లేదు, దుమ్ము లేదు. ఊడ్చిన చోటే ఊడుస్తున్నారు. అందరికీ ఒకటే బూడిదరంగు బట్ట. ముఖాలకు కళ్ళూ ముక్కూ ఉన్నాయి గానీ, ఏట్లో నానిన గులకరాళ్ళలా నునుపెక్కి ఒకదానికీ ఇంకొకదానికీ తేడా లేదు. ముసలీ పడుచూ, ఆడా మగా కూడా ఆనవాలు పట్టలేం. ఆరు వందల చీపుళ్ళు ఒకేసారి ఎడమకు పోయి, ఒకేసారి కుడికి వస్తున్నాయి.

గొర్రెల కాపరికి ముఖాలతో పని లేదు. వెయ్యి గొర్రెల్లో తన గొర్రెను నడకను బట్టి, చెవి విదిలించే తీరును బట్టి పట్టుకుంటాడు. కొమరయ యువరాజును చూసింది ఒక్కసారే, అబద్ధం చెప్పిన ఆ సభలో. ఆ రోజు ముఖం వైపు చూస్తే మీద పడి పీక పట్టుకుంటానేమోనని చేతుల వైపు చూస్తూ నిలబడ్డాడు. అబద్ధం చెప్పినంతసేపూ యువరాజు బొటనవేలితో ఉంగరపు వేలును రుద్దుతూనే ఉన్నాడు. కొమరయ ఇప్పుడు ఒంగి, చేతులు చూసుకుంటూ వరసల వెంట పరుగెత్తాడు. తొమ్మిదో వరసలో దొరికింది. ఉంగరం లేదు గానీ బొటనవేలు రుద్దుతూనే ఉంది.

"ఉదయకేతు," అన్నాడు.

చీపురు ఎడమకు పోయింది, కుడికి వచ్చింది.

"ఉదయకేతు, నిన్నే. యువరాజా." చెవిలో అరిచాడు. ఆ పేరు నోట్లోంచి బయటికి రాగానే మండపం వైపు ఎవరో లాక్కుపోయినట్టు మాయమైంది. చెయ్యి పట్టి లాగితే బండరాయిని లాగినట్టే ఉంది. రెండు చేతులా నడుము పట్టి ఎత్తబోయాడు, తన నడుమే పట్టేసింది. ఇక ఉండబట్టలేక చెంప మీద ఒకటిచ్చాడు. నిజం చెప్పాలంటే ఆ దెబ్బ ఆ సభ నాటి నుంచి కొమరయ చేతిలో దాగి ఉంది. ఆ చెంప ఎర్రబడనైనా లేదు. కొట్టిన చేతికి చల్లగా తగిలింది, అంతే.

అప్పుడు చీపుళ్ళ చప్పుడు ఆగింది.

కొమరయ తలెత్తి చూశాడు. ఆరు వందల మందీ అతని పాదాల వైపు చూస్తున్నారు. అతనూ కిందికి చూశాడు. ఎండ ఒరిగింది. అతని పాదాల పక్కన జానెడు నీడ నల్లగా పరుచుకుని ఉంది. అంత వాకిట్లో, అన్ని వందల మందిలో, ఇంకెవరికీ నీడ లేదు.

"కొత్త ముంత అంత తొందరగా ఎందుకు పలుకుతోందా అనుకున్నాను," అంటూ నిశ్శోకుడు మండపం మెట్ల మీదికి వచ్చి నిలబడ్డాడు. "పేరు నీది కాదన్నమాట. చచ్చినవాడి పేరు ఇచ్చావు."

ఆయన చెయ్యి ఎత్తగానే బూడిద బట్టల వాళ్ళు కదిలారు. పరుగు లేదు, కోపం లేదు. అన్ని వైపుల నుంచీ ఒక్కొక్క అడుగే వేస్తూ దగ్గరకు వస్తున్నారు. కొమరయ చేతికర్ర తిప్పి ఇద్దరిని తోశాడు. పడ్డవాళ్ళు లేచి మళ్ళీ అదే అడుగు వేశారు. చుట్టూ వలయం బిగిసింది. చల్లని భుజాలు అతని భుజాలను ఒరుసుకున్నాయి. అంతమంది అంత దగ్గరగా ఉన్నా ఒక్క ఊపిరి చప్పుడు లేదు. ఇంత భయం కొమరయకు ఇంతవరకూ ఎన్నడూ వేయలేదు.

"నీకు కీడు చేయను," అన్నాడు నిశ్శోకుడు అక్కడి నుంచే. "ఇతనేం చేశాడో నాకు తెలుసు. ముంతలో ఊదుతూ అంతా చెప్పుకున్నాడు. ఇతని కోసమా ఇంత దూరం వచ్చావు? నీలో ఉన్నది ప్రేమ కాదు, పగ. అది నిన్ను రోజూ కొరుకుతోంది. నీ పేరు కూడా ఊదెయ్యి నాయనా. ఈ క్షణంలో పోతుంది. రేపటి నుంచి ఇద్దరూ పక్కపక్కన ఊడుస్తారు, ఎవరికి ఎవరూ ఏమీ కారు."

ఆ మాట తియ్యగా తగిలింది. కాదని ఎందుకు అబద్ధమాడాలి. ఇన్నాళ్ళుగా మోస్తున్న బరువు ఒక్క ఊపిరితో దిగిపోతుందంటే ఎవరికి ఆశ పుట్టదు? నిశ్శోకుడు విసిరిన ముంత గాలిలో తేలుతూ వచ్చి కొమరయ పెదాల ముందు ఆగింది. కంబం నీడ సగం వాకిలి దాటింది.

ఊదే ముందు ఆఖరిసారి అన్నను తలుచుకుందామనుకున్నాడు. పేరు లేదు కదా, దేన్ని పట్టుకుని తలుచుకోవాలో తెలియక, "అన్నా" అని గొణిగాడు.

అన్న వచ్చేశాడు. ఈల, భుజం మీది మచ్చ, ఉప్పు వాసన, అంతా ఒక్కసారే వచ్చింది. కొమరయ నిర్ఘాంతపోయాడు. పేరు పోయినా పిలుపు పోలేదు. ముంతలో ఊదింది పేరు, వరస కాదు. ఆ వరస తనదీ అన్నదీ, ఈ మాంత్రికుడి చేతికి అందనిది.

ఎదురుగా రాయిలా నిలబడ్డ యువరాజును చూశాడు. వీడికి కూడా పేరు లేదు. వీడి పేరు తను ఎన్నిసార్లు పిలిచినా ముంతలోకే పోతుంది. ఇంకేమని పిలవాలి? ఏమని పిలవాలో కొమరయకు తెలిసింది. ఆ మాట ఒక్క మనిషికే చెందింది. ఆ మనిషి తన ప్రాణమిచ్చి ఒడ్డున పడేసింది వీడినే. అన్న అంత ఖరీదు కట్టి కొన్నవాణ్ణి తను పరాయివాడనడం కుదరదు. కుదరకపోవడం కొమరయకు ఏమాత్రం నచ్చలేదు. పళ్ళు బిగించి, ముంతను మోచేత్తో పక్కకు కొట్టి, యువరాజు ముఖాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు.

"అన్నా," అన్నాడు. గొంతు చిరిగినట్టు వచ్చింది. "అన్నా, ఇంటికి పోదాం, రా."

బొటనవేలు ఆగింది. నునుపు ముఖం మీద ముందు కనుబొమలు లేచాయి, తర్వాత నుదుటి గీతలు పడ్డాయి, చెంప మీద ఇందాకటి అయిదు వేళ్ళూ ఎర్రగా తేలాయి. యువరాజు మోకాళ్ళ మీద కూలబడి, మునిగినవాడు నీళ్ళు కక్కినట్టు దగ్గాడు. అతని కాళ్ళ కింద నుంచి నీడ బయటికి పాకింది.

"ఎవరు నువ్వు?"

"నిన్ను ఒడ్డుకేసినోని తమ్ముణ్ణి, కొమరయను."

యువరాజు ముఖం పాలిపోయింది. "అయితే నన్ను చంపడానికి వచ్చావు."

"సంపాలంటే ఇంత దూరం ఎందుకు? ఈడ ఉన్నా నువ్వు సచ్చినోనివే. తోల్కపోను వచ్చిన."

"నేనెవరినో తెలిసే అన్నా అని పిలిచావా?"

"ఎర్కతోనే పిలిచిన. మల్లమల్ల అడగకు, నాకు కోపమొస్తది."

యువరాజు తల వంచుకున్నాడు. "మైలారి నీళ్ళలో తన పేరు చెప్పాడు," అన్నాడు నెమ్మదిగా. "నేను మునుగుతూ అరుస్తున్నాను. భయపడకు, నా పేరు మైలారి, నా మెడ గట్టిగా పట్టుకో అన్నాడు. పట్టుకున్నాను. ఆ పేరు మరిచిపోవడానికే నా పేరు కూడా ఇచ్చేశాను. అతను నన్నేమీ చేయలేదు. నేనే అబద్ధమాడాను."

ఏడాది తిరగలేదు. ఆ పేరెత్తినవాడు నల్లకోనవాడైతే కొమరయ అతని నోరు మూయించేవాడే. ఇప్పుడు మాత్రం అతను కళ్ళు మూసుకుని విన్నాడు. మైలారి. అవును, మైలారి. ఎవరి నోట ఆ పేరు చెడిందో ఆ నోటి నుంచే తిరిగి వచ్చింది. మండపంలో ఒక ముంత పలకడం మానేసింది.

నిశ్శోకుడి ముఖంలో మొదటిసారి ఒక ముడత పడింది. "ఆ మాట నేను ఎవరి దగ్గరా తీసుకోలేదు," అన్నాడు తనలో తాను, ఇల్లంతా తాళం వేసి దొడ్డిగుమ్మం మరిచినవాడిలా. అంతలోనే గొంతు మార్చి, "పట్టుకోండి," అని అరిచాడు.

ఎవరూ కదలలేదు. వలయం అలాగే నిలిచిపోయింది. కొమరయ వేసిన పిలుపు ఒక్కడికే చేరి ఆగలేదు. ఆ ఆరు వందల మందిలో ఒకప్పుడు ఎవరికో అన్న అయినవాళ్ళు ఎంతమంది ఉన్నారో ఎవరికి తెలుసు. అక్కడొకడు, ఇక్కడొకడు తల తిప్పి చూస్తున్నారు. చెవి ఎక్కడో దూరాన పెట్టి, ఆ పిలుపు తమకా కాదా అని తేల్చుకోలేక ఊగుతున్నారు. కొందరి చేతుల్లోంచి చీపుళ్ళు జారిపోయాయి.

"రా," అని కొమరయ యువరాజు చెయ్యి పట్టి లాగాడు. ఈసారి చెయ్యి కదిలింది. ఇద్దరూ వలయాన్ని తోసుకుని పరుగెత్తారు. కంబం నీడ వాళ్ళ పక్కనే, వాళ్ళకంటే ముందే పరుగెడుతోంది. మండపం దాటారు. పైన వేల ముంతలు ఒక్కసారిగా గొంతులు పెంచి తమ పేర్లు తామే అరుస్తున్నాయి. వెనక నిశ్శోకుడి మంత్రానికి స్తంభాలు ఒకదాని వైపు ఒకటి జరుగుతున్నాయి. రెండు స్తంభాల మధ్య కొమరయ గొంగడి ఇరుక్కుంది, వదిలేశాడు. యువరాజు జారిపడ్డాడు, లేపాడు. కంచు తలుపులు కనబడ్డాయి, పిలుపు అందిన యువరాజుకు కూడా. బార్లా తెరిచే ఉన్నాయి. తలుపుల అవతల గడ్డి, గాలి, నల్లకోన వైపు పోయే బాట. నీడ గుమ్మానికి ఇంకా రెండు మూరలుంది.

గుమ్మానికి పది అడుగుల దూరంలో ఎవరో కొమరయ మొలతాడు పట్టుకున్నారు.

కర్ర ఎత్తి వెనక్కి తిరిగాడు. బూడిద బట్టలో ఒక మనిషి, రొప్పుతూ నిలబడి ఉంది. ఇంత దూరం వాళ్ళ వెంట ఎలా పరుగెత్తిందో. నునుపు ముఖం, చిన్న శరీరం, వంగిన నడుము. వెనక మండపం నిండా ఇంకా వస్తున్నారు, గుడ్డివాళ్ళలా చేతులు చాచి, గోడ తప్ప ఏమీ కనబడని ఆ గుమ్మం వైపు. ఆ మనిషి పెదాలు కదిలాయి. చాలా ఏళ్ళుగా వాడని గొంతు.

"వానికి ఒక పిలుపు దొరికింది," అంది. "నన్నేమని పిలుస్తవు నాయనా?"

"కొమరయా," అన్నాడు యువరాజు, గుమ్మం రాయి మీద ఒక కాలు పెట్టి. "నీడ తాకుతోంది."

కొమరయ గుమ్మం వైపు చూశాడు. అవతల బాట మీద ఎండ పడి ఉంది. పున్నమికి ఐదు రోజులు. నల్లకోనలో తల్లి ఉంది, మూడు వందల గడపలు ఉన్నాయి, అందరి బతుకూ ఈ యువరాజు నోట్లో ఉంది. ఒక్కణ్ణి తెమ్మని చెప్పి పంపారు, ఆ ఒక్కడూ చేతికి దొరికాడు. మళ్ళీ ఈ మనిషి వైపు చూశాడు. మొలతాడు పట్టుకున్న వేళ్ళు ముడతలు పడి ఉన్నాయి.

"నువ్వు పో," అన్నాడు యువరాజుతో. "రాజుకాడికి పోయి నిజం చెప్పు. ఆగకు."

తర్వాత కర్ర కింద పెట్టి, వంగి, ఆ ముఖంలోకి చూస్తూ, "అవ్వా," అన్నాడు.

ఆమె ముఖమంతా ఒక్కసారిగా ముడతలు పడింది. బోసినోటితో ఏడ్చింది. ఆ వెనకాలే కంచు తలుపులు చప్పుడు లేకుండా మూసుకున్నాయి.

కొమరయ అవ్వను పట్టుకుని అలాగే నిలబడ్డాడు. మళ్ళీ రేపు మధ్యాహ్నం దాకా తలుపు లేదు. మండపం మెట్ల మీద నిశ్శోకుడు రెండు చేతులా నల్లని ముంత ఒకటి పట్టుకుని, ఇంతవరకూ పలకని మంత్రమేదో పలకడం మొదలుపెట్టాడు. ఉట్లు అన్నీ గిర్రున తిరుగుతున్నాయి. అవ్వ వెనక నుంచి ఒక భారీ మనిషి ముందుకు వచ్చి, తన వంతు కోసం, తల వంచి నిలబడ్డాడు.

"ఇతణ్ణి నేను పిలుస్తాను," అంది పక్క నుంచి ఒక గొంతు.

కొమరయ ఉలిక్కిపడి చూశాడు. ఉదయకేతుడు తలుపుకు ఇవతలే ఉన్నాడు. గుమ్మం రాయి మీద పెట్టిన కాలు వెనక్కి తీసుకున్నాడు.

"నిన్ను పొమ్మన్న గద."

"ఒకసారి అలాగే ఒడ్డుకు చేరాను," అన్నాడు యువరాజు. పుట్టినప్పటి నుంచి అతను బంట్లనూ దాసులనూ పేర్లు పెట్టి పిలవడమే గానీ ఒక్కరినీ వరస పెట్టి పిలిచి ఎరగడు. ఆ భారీ మనిషి ముందు నిలబడి, ఏ మాట అనాలో తెలియక రెండుసార్లు నోరు తెరిచి మూశాడు. మూడోసారి, అప్పుడే మాటలు నేర్చుకుంటున్న పిల్లవాడిలా, "మామా," అన్నాడు.